బరువు తగ్గించే ఆపరేషన్: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకుంటూ బతికే మనవాళ్ళు ఈ ఆపరేషన్ కోసం ఎక్కువగా విశాఖపట్నానికి, కొందరు భువనేశ్వరానికి వెళ్తున్నారు. నేను పర్లాకిమిడిలో ఉంటాను. ఆరేళ్ళ క్రితం 112 కిలోల బరువుతో, షుగరు, మోకాళ్ళ నొప్పులతో ఉండగా విశాఖలో జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటి నుంచి ఇంటికి వచ్చి కొందరు, ఫోను చేసి మరికొందరు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ కూర్చాను. నేను డాక్టరును కాను. మీ శరీరం గురించి తుది మాట చెప్పవలసింది మీ సర్జనే. అయితే ఆపరేషన్ జరిగే ఊరు ఒకటి, దాని తరువాత బతకవలసిన ఊరు మరొకటి అయినప్పుడు వచ్చే ఇబ్బందుల గురించి నగరంలో ఎవరూ మనకు చెప్పరు కనుక, వాటి గురించే ఎక్కువగా రాశాను.

ఎంత బరువు ఉంటే ఈ ఆపరేషన్ చేస్తారు?

కిలోల లెక్క ఒక్కటే చాలదు, ఎత్తును కూడా చూస్తారు. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. 1 మీటరు 55 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్నవారికి అది దాదాపు 37.5 అవుతుంది. 1991లో అమెరికాలో ఏర్పడిన పాత నియమం ప్రకారం బీఎంఐ 40 దాటినవారికీ, 35 దాటి షుగరు, గుండె జబ్బు వంటివి ఉన్నవారికీ మాత్రమే ఆపరేషన్ చేసేవారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దానిని సవరించి, జబ్బులు ఉన్నా లేకున్నా 35 దాటినవారికి ఆపరేషన్ చేయవచ్చని, ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చని ప్రకటించాయి. తక్కువ బరువులోనే మనకు పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వస్తుందన్నదే ఈ తేడాకు కారణం. అయినా 28 ఉన్నవారందరూ కత్తి కిందికి వెళ్ళాలని దీని అర్థం కాదు. ఆ స్థాయిలో ఉన్నవారు ముందుగా ఆహారం, నడక, మందులు అనే మూడింటినీ నిజంగా ప్రయత్నించి చూడాలని నా అభిప్రాయం.

స్లీవ్ మంచిదా, బైపాస్ మంచిదా?

స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతాన్ని కోసి తీసేసి, మిగిలిన దానిని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలిని పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దానితోపాటే పోతుంది కనుక, కొన్ని నెలల పాటు ఆకలి అనేదే తెలియదు. తీసిన భాగాన్ని తిరిగి పెట్టే వీలు లేదు. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని జీర్ణాశయం పైభాగంలో తయారుచేసి, చిన్న పేగును కొంత దాటవేసి దానికి కలుపుతారు. షుగరు బాగా ముదిరినవారికీ, ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఎక్కువగా ఉన్నవారికీ సాధారణంగా బైపాస్ మేలు చేస్తుంది. స్లీవ్ తరువాత ఆ మంట పెరిగే అవకాశం ఉంది. మరోవైపు, బైపాస్ చేయించుకున్నవారికి విటమిన్లు, ఐరన్, కాల్షియం లోపాలు ఎక్కువగా వస్తాయి కాబట్టి రక్తపరీక్షలు, మాత్రలు ఏమాత్రం తప్పకూడదు. మంచి ల్యాబు కోసం రెండు బస్సులు మారవలసిన ఊళ్ళో ఉన్నవారు ఈ సంగతిని సర్జనుకు తామే చెప్పాలి. ఏ ఆపరేషన్ అన్నది నిర్ణయించేటప్పుడు మీ ఇంటి చిరునామాను కూడా లెక్కలోకి తీసుకోమని అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఆపరేషన్ ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ అనే వారానికొక ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో బరువు తగ్గించుకోవడానికి అందుబాటులోకి వచ్చాయి. అధ్యయనాల్లో సెమాగ్లూటైడ్‌తో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 20 శాతం వరకు శరీర బరువు తగ్గింది. ఆపరేషన్‌తో మొదటి ఏడాది, ఏడాదిన్నరలో సాధారణంగా 25 నుంచి 30 శాతం తగ్గుతుంది. ఇంజెక్షన్ మానేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది, నెల నెలా ఖర్చూ ఉంటుంది. బరువు మరీ ఎక్కువ కానివారు, మత్తుమందు తట్టుకోలేనివారు వీటి గురించి ముందుగా డాక్టరుతో మాట్లాడడం మంచిది.

ప్రాణానికి ప్రమాదం ఉందా?

ఉంది, కానీ జనం అనుకునేంత లేదు. అనుభవం ఉన్న కేంద్రాల్లో మరణాల రేటు సుమారు వెయ్యికి ఒకటి నుంచి మూడు వరకు ఉంటుంది, పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగినంత. భయపడవలసినవి మూడు: కుట్ల దగ్గర లీకు, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, రక్తస్రావం. గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం రావడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు.

డిశ్చార్జి అయిన వెంటనే ఊరికి వచ్చేయవచ్చా?

రెండు మూడు రోజుల్లోనే ఇంటికి పంపిస్తారు. అయినా కనీసం పది రోజులు ఆపరేషన్ జరిగిన నగరంలోనే, బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. లీకు అనేది ఇంటికి చేరిన తరువాత కూడా బయటపడవచ్చు. అర్ధరాత్రి గుణుపురంలో గుండె దడ మొదలైతే విశాఖ చేరేటప్పటికి సగం రోజు గడిచిపోతుంది. తిరుగు ప్రయాణంలో రైలయినా కారయినా గంటకొకసారి లేచి నడవాలి, కాళ్ళు వేలాడేసి నిద్రపోకూడదు. కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డు మీద వెళ్ళేవారు వాంతుల మాత్ర గురించి ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

ఇంటికి వచ్చాక అత్యవసరమైతే బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి మనకు దగ్గరలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు. మీకు ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ తేదీన జరిగిందో, సర్జను ఫోను నంబరు ఏమిటో రాసిన చిన్న కార్డును ఎప్పుడూ జేబులోనే ఉంచుకోవాలి. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మీరు తెలుగులో బాధ చెప్పుకుంటారు, అవతలి నర్సు ఒడియాలో అడుగుతుంది. ‘బాంతి’ అంటే వాంతి అనీ, ‘ముండ బులాఉచి’ అంటే తల తిరుగుతోంది అనీ మనకు తెలుసు గానీ, విశాఖ నుంచో శ్రీకాకుళం నుంచో తోడు వచ్చిన బంధువుకు తెలియదు. ఆ నాలుగు మాటలూ కార్డు వెనుక రాసి పెట్టండి.

ఖర్చును కార్డు గానీ బీమా గానీ భరిస్తుందా?

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆ రాష్ట్రవాసులకు మాత్రమే వర్తిస్తుంది. మన ఒడిశా రేషను కార్డుతో విశాఖలో అది దొరకదు. ఒడిశా ఆరోగ్య కార్డు ఉన్నవారు ఈ ఆపరేషన్ ప్యాకేజీల జాబితాలో ఉందో లేదో, తాము వెళ్ళబోయే ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రైవేటు బీమా విషయంలో, బీమా నియంత్రణ సంస్థ రూపొందించిన ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్ళు నిండి, డాక్టరు సలహా మీద, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉన్నవారికి, లేదా 35 దాటి అదుపులో లేని షుగరు, గుండె జబ్బు, నిద్రలో ఊపిరాగే తీవ్రమైన జబ్బు వంటివి ఉన్నవారికి, ఇతర పద్ధతులు విఫలమైనప్పుడు ఇది వర్తించవచ్చు. అంటే సర్జన్లు మారినంత త్వరగా బీమా నియమాలు మారలేదు. ఆపరేషన్ బిల్లు ఒక్కటే కాక మొదటి ఏడాది ప్రొటీను పొడి, మాత్రలు, పరీక్షలు, రానుపోను ప్రయాణాల ఖర్చు విడిగా పెట్టుకోకపోతే ఆరు నెలలకల్లా చాలామంది మాత్రలు మానేస్తారు. నాకు తెలిసినవారిలో ఇబ్బంది పడ్డవారు ఎక్కువగా ఇక్కడే పడ్డారు.

మొదటి నెలల్లో ఏం తినాలి, ఎంత తినాలి?

మొదటి రెండు వారాలు ద్రవాలు, తరువాత రెండు మూడు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తగా ఉడికినవి, సుమారు రెండు నెలలకు మామూలు ఆహారం అన్నది సాధారణ క్రమం. దగ్గు మందు సీసా మీద ఉండే కొలత మూత ఉంటుంది కదా, మొదటి వారం నా భోజనం ఆ మూతతోనే సాగింది. మజ్జిగ ఒక మూత, పది నిమిషాలు, పెసరకట్టు ఒక మూత, పది నిమిషాలు. ఆరో వారంలో మొదటిసారి ఇడ్లీ తిన్నప్పుడు పావు ముక్కకు ఇరవై నిమిషాలు పట్టింది. మా అత్తగారు ఎదురుగా కూర్చుని, ఆ పావు ముక్కను చూసి కొంగు కళ్ళకు అద్దుకున్నారు. కోడలిని పస్తు పెడుతున్నామేమో అని ఆవిడ బాధ. అందుకే చెబుతున్నాను, ఇంట్లో వడ్డించేవారిని డైటీషియను దగ్గరకు ఒకసారైనా వెంట తీసుకువెళ్ళండి.

నగరంలో ఇచ్చే ఆహారపు చీటీలో ఓట్స్, బ్రాకొలీ ఉంటాయి. మనకు అవి అవసరం లేదు. చోడి (రాగి) అంబలిలో కాల్షియం చాలా ఉంది కానీ ప్రొటీను తక్కువ కనుక, అంబలి ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు ఉంటాయి. ఉలవలు, పెసలు, శనగలు, పనీరు, పెరుగు కలిపి శాకాహారులు కూడా నెట్టుకురావచ్చు గానీ, తొలి నెలల్లో ప్రొటీను పొడి లేకుండా ఆ లెక్క అందడం కష్టం. కంచంలో ముందు ప్రొటీను, తరువాత కూర, ఇంకా చోటు ఉంటేనే అన్నం అన్న వరుస జన్మంతా పాటించవలసినది.

నీళ్ళు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు గుక్క గుక్కగా తాగాలి, భోజనంతో పాటు మాత్రం తాగకూడదు. తిన్న తరువాత అరగంట ఆగాలి.

పఖాళ, చద్దన్నం ఇక ముట్టకూడదా?

మూడు నెలల తరువాత చాలామంది కొద్దిగా తినగలుగుతారు. చిక్కేమిటంటే పఖాళలో అన్నం, నీళ్ళు ఒకేసారి లోపలికి వెళ్తాయి. గొట్టం లాంటి జీర్ణాశయం నుంచి అది త్వరగా జారిపోయి గంటకే మళ్ళీ ఆకలి వేస్తుంది. వేసవిలో మానలేనివారు నీటిని వడకట్టి, పెరుగు ఎక్కువగా కలిపి, పక్కన చేప ముక్కో గుడ్డో పెట్టుకుని తినాలి. వట్టి పఖాళ, బొడి చురా (నలిపిన వడియాలు), ఉల్లిపాయతో ముగించే అలవాటు మాత్రం వదులుకోవాలి.

వాంతులు అవుతున్నాయి, మా ఊరి క్లినిక్కులో గ్లూకోజు పెట్టించుకోవచ్చా?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే, దీనిని చదవండి.

నాకు ఏడో వారంలో వాంతులు మొదలయ్యాయి. పప్పన్నం తొందరగా మింగడంతో మొదలై, తరువాత నీళ్ళు కూడా నిలవలేదు. తొమ్మిది రోజులు ‘తగ్గుతుందిలే’ అని ఓర్చుకున్నాను. దగ్గరలోని ఒక క్లినిక్కులో నీరసానికని వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించారు. వారిది చెడు ఉద్దేశం కాదు. ఈ ఆపరేషన్ చేయించుకున్న రోగిని వారు అంతకు ముందు చూడలేదు. మూడో సీసా తరువాత అరికాళ్ళు తిమ్మిరెక్కి, మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ పడుతోందో తెలియలేదు. విశాఖలోని సర్జనుకు మా ఆయన ఫోను చేస్తే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ‘థయమిన్ ఇచ్చారా?’ అని.

థయమిన్ అంటే బి1 విటమిన్. శరీరంలో దాని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. తిండి తగ్గి, పైగా వాంతులు అవుతుంటే అది త్వరగా అడుగంటుతుంది. గ్లూకోజును వాడుకోవడానికి శరీరానికి థయమిన్ కావాలి కనుక, అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. ఆలస్యమైతే కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోతుంది. అందువల్ల రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోతే సర్జనుకు ఫోను చేయాలి, సెలైను అవసరమైతే ముందుగా థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చి తరువాతనే గ్లూకోజు పెట్టమని కోరాలి. ఈ ఒక్క వాక్యాన్ని మీ కార్డు మీద ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. నాకు ఇంజెక్షన్లు పడిన తరువాత కాళ్ళు పూర్తిగా తేరుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

షుగరు, బీపీ మాత్రలు మానేయవచ్చా?

మీ అంతట మీరు మానకూడదు, అలాగని పాత మోతాదులోనే కొనసాగించనూ కూడదు. బరువు తగ్గకముందే, మొదటి రోజుల్లోనే షుగరు పడిపోవడం మొదలవుతుంది. ఇన్సులిను, గ్లిమెపిరైడ్ వంటివి పాత మోతాదులోనే వాడితే షుగరు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. ఏ మాత్ర ఎంత అన్నది డిశ్చార్జి నాడే రాయించుకుని, ఇంట్లో గ్లూకోమీటరుతో రోజూ చూసుకోవాలి. చాలామందికి షుగరు మందులు లేకుండా ఏళ్ళు గడుస్తాయి, కొందరికి తిరిగి వస్తుంది. జబ్బు పాతదైన కొద్దీ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

విటమిన్ మాత్రలు ఎన్నాళ్ళు?

జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, ఐరన్, విటమిన్ డి, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం. సిట్రేట్ రూపంలోని కాల్షియం బాగా ఒంటబడుతుంది. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రను చాయ్‌తో వేసుకోకూడదు. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా రక్తపరీక్షలు చేయించాలి.

మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే పరీక్ష చేయించుకుని మత్తు డాక్టరుకు చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గడం, ఆక్సిజను తగ్గడం వారికి చాలా ప్రమాదం.

జుట్టు రాలుతోంది, పూర్తిగా పోతుందా?

పోదు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా రాలి, తరువాత తిరిగి వస్తుంది. ప్రొటీను, ఐరన్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, నూనెల మీద డబ్బు పోయకండి.

పెళ్ళిళ్ళు, పండుగలు, ఉపవాసాలు ఎలా?

భోజనాల బంతిలో కూర్చుని ‘చాలు’ అంటే వడ్డించేవారు నొచ్చుకుంటారు. నేను ఇప్పుడు విస్తరిలో మొదట గుడ్డు కూరో పప్పో వేయించుకుని, మిగతావాటిని పక్కవారికి చెప్పి ముందే వద్దంటాను. తీపి విషయంలో జాగ్రత్త అవసరం. ముఖ్యంగా బైపాస్ అయినవారు రసగుల్లా, ఛెనా పోడ, బూరె వంటివి తింటే అరగంటలో గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. దీనినే డంపింగ్ అంటారు. రజో పండుగ నాటి పోడ పిఠా ఒక చిన్న ముక్క తినాలనిపిస్తే భోజనం తరువాత తినండి, పరగడుపున వద్దు. కార్తీక సోమవారాల ఉపవాసం మొదటి ఏడాది మానుకోవాలి. దేవుడు పట్టించుకోడని మా పురోహితుడే చెప్పారు. తరువాతి ఏళ్ళలో కూడా నిర్జల ఉపవాసం వద్దు.

మద్యం, గుట్కా, నొప్పి మాత్రల సంగతి?

ఆపరేషన్ తరువాత మద్యం త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. అంతకు ముందు అలవాటు లేనివారు కూడా కొందరు రెండో ఏడాది తరువాత తాగుడుకు బానిసలవుతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. తిండితో తీరే ఆరాటం మరోవైపు మళ్ళుతుంది. ఇప్పసారా అయినా జీలుగు కల్లు అయినా ఇందుకు మినహాయింపు కాదు. ఖైనీ, గుట్కా, బీడీ అన్నీ ఆపరేషన్‌కు ముందే మానాలి. ఒళ్ళు నొప్పులకు మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి బైపాస్ అయినవారికి అతుకు దగ్గర పుండ్లు తెస్తాయి. పారాసిటమాల్ తప్ప మరేదైనా డాక్టరును అడిగే వేసుకోండి.

పెళ్ళి కావలసిన అమ్మాయికి చేయించవచ్చా? పిల్లలు పుడతారా?

పుడతారు. బరువు వల్ల నెలసరి తప్పినవారికి అది తిరిగి సక్రమమై గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కాకపోతే ఆపరేషన్ తరువాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తరువాత నోటి మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కనుక వేరే పద్ధతి గురించి అడగాలి. పెళ్ళి సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఈ సంగతి దాచవద్దని నా సలహా. దాస్తే ఆ పిల్ల అత్తవారింట్లో మాత్రలు కూడా దాచుకుని మింగవలసి వస్తుంది.

మళ్ళీ లావు అవుతామా?

కొంత అవుతారు. నేను ఏడాదిన్నరకు 80 కిలోలకు దిగి, ఇప్పుడు 85 దగ్గర ఉన్నాను. రెండేళ్ళ తరువాత ఆకలి తిరిగి వస్తుంది, మిక్చరు, బిస్కట్లు, తీపి చాయ్ ఎంత చిన్న జీర్ణాశయంలోనైనా సులువుగా జారిపోతాయి. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతుంది. వ్యాయామం దానిని పూర్తిగా బిగించలేదు. అద్దంలో చాలాకాలం పాత మనిషే కనిపిస్తుంది. నేను రెండేళ్ళ వరకు ఆటోలో పక్కవారికి చోటు లేదనుకుని అంచునే కూర్చునేదాన్ని. మనసు కుంగుతుంటే దానిని కూడా ఆపరేషన్ తాలూకు సమస్యగానే డాక్టరుకు చెప్పాలి.

ఎవరు ఆగాలి?

మద్యం మానలేనివారు, చికిత్స అందని మానసిక జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆగాలి. వీరితో పాటు, ఏటా పరీక్షకు వెళ్ళే దారి, మాత్రలకు డబ్బు, ఇంట్లో ఒక్కరైనా తోడు లేనివారు కూడా అవి సమకూరే వరకు ఆగాలని నేను అంటాను. గుణుపురం నుంచి ఒకాయన అన్ని పరీక్షలూ చేయించుకుని, తేదీ కూడా తీసుకుని, వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చారు. ఆపరేషన్ అయిన మూడో వారంలో కూతురి పెళ్ళి. విందు వంటల మధ్య, చుట్టాల ఒత్తిడి మధ్య దగ్గు మందు మూతతో మజ్జిగ తాగుతూ తిరగగలరా అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెళ్ళి చేసి, అల్లుడిని పంపి, ఆషాఢంలో చేయించుకున్నారు. ఆయన భార్య డైటీషియను చెప్పినదంతా నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుని, వంటింటి గూట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకున్నారు.